పట్టు రైతు కుంటలో మిశ్రమ చేపల పెంపకం: అదనపు మేత ఎంత, ఎప్పుడు?



మల్బరీ తోట కోసం నీరు నిలవ చేసుకున్న కుంటలో చేపలు వేసిన వారి నుంచి రెండు మాటలు వింటుంటాము. "ఏడాదైనా చేప అరకిలో దాటలేదు" అనేది ఒకటి. "మేత బాగానే వేశాము, ఒకనాటి తెల్లవారుజామున అన్నీ చచ్చి తేలాయి" అనేది రెండవది. మొదటి రైతు మేత తక్కువ వేశాడు, రెండవ రైతు ఎక్కువ వేశాడు. ఇద్దరూ కుంటలో ఎన్ని కిలోల చేప ఉన్నదో లెక్క చూసుకోలేదు.

మిశ్రమ పెంపకంలో కట్ల (బొచ్చె) పై నీటిలో, రోహు (శీలావతి) నడిమి నీటిలో, మృగాల అడుగున మేస్తాయి. ఒకదాని కూడు మరొకటి లాగుకోదు. పశువుల ఎరువు వేసిన నీటిలో కంటికి ఆనని నాచు, సన్నపురుగు పుట్టి చేపకు సహజ ఆహారమవుతాయి. చేపలు పెరిగేకొద్దీ అది చాలదు. ప్లాస్టిక్ పట్టా పరచిన కుంటలో అడుగున మన్ను లేనందున ఇంకా తక్కువ. అందుకే అదనపు మేత కావాలి.

మామూలు మేత తౌడు, వేరుశెనగ చెక్క సమపాళ్ళలో. రోజుకు ఎంత వేయాలో ఇలా చూసుకోండి. ఎకరం కుంటలో నాలుగు అంగుళాల పిల్లలు 2,000 వేశారనుకోండి: కట్ల 800, రోహు 600, మృగాల 600. మొదట్లో చేపల మొత్తం బరువులో నూటికి 5 వంతుల మేత, అంటే రోజుకు కిలో, కిలోంబావు చాలును. కొన్ని నెలల తరువాత విసురు వలతో అన్ని రకాలూ కలిపి 20 చేపలు పట్టి తూచండి. 5 కిలోలు తూగితే చేప సగటు 250 గ్రాములు. పదింట ఒకటి పోయిందనుకున్నా 1,800 చేపలు, 450 కిలోలు. నూటికి 2 వంతుల చొప్పున రోజుకు 9 కిలోల మేత. మరల తూచినపుడు సగటు 350 గ్రాములైతే మొత్తం 630 కిలోలు, మేత పన్నెండున్నర కిలోలకు పెరగాలి. ఇక్కడే చాలా మంది పాత 9 కిలోలతోనే సరిపెడతారు. చేప అక్కడే నిలిచిపోతుంది. అరకిలో దాటాక నూటికి ఒకటిన్నర వంతు చాలును. నెలకు ఒకసారైనా తూచనిదే ఈ లెక్క నడవదు.

మేతను నీటిలో వెదజల్లితే సగం అడుగున కుళ్ళుతుంది. కృష్ణా, పశ్చిమ గోదావరి రైతులు సంచులకు అడుగున చిల్లులు పెట్టి, మేత నింపి, కర్రలకు కట్టి నీటిలో వేలాడదీస్తారు. చేపలు పొడుచుకుని తింటాయి. సాయంత్రం సంచిలో మేత మిగిలితే మరునాడు తగ్గించండి. ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు.

ఇక మన చేతిలో ఉన్న మేత సంగతి. పచ్చి పట్టుగూడు బరువులో సుమారు ఐదింట నాలుగు వంతులు లోపలి పురుగుదే. నూలు తీశాక రీలింగు వారి వద్ద మిగిలే ఈ ప్యూపాను ఎండబెడితే అందులో దాదాపు సగం మాంసకృత్తులు. వేరుశెనగ చెక్క కన్నా ఎక్కువే. చెక్కలో సగం తీసి ప్యూపా పొడి కలపవచ్చును. పై లెక్కలోని 9 కిలోలకు తౌడు నాలుగున్నర, చెక్క రెండుంబావు, ప్యూపా పొడి రెండుంబావు. అయితే ఇందులో పావు వంతుకు పైగా నూనె ఉంటుంది. నిలవ ఉంచితే ముక్కిపోతుంది, కాబట్టి కరకరలాడేలా ఎండబెట్టి వారం పది రోజులకు సరిపడానే తెచ్చుకోండి. చేపలు పట్టడానికి రెండు మూడు వారాల ముందు ప్యూపా మానండి. లేకుంటే కూరకు ఆ వాసన వస్తుంది, కొన్నవారు మరల రారు.

మబ్బు పట్టిన రోజున, చేపలు తెల్లవారుజామున పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నపుడు మేత అసలు వేయకండి. నీటిలో ప్రాణవాయువు తగ్గినదని దాని అర్థం. వెంటనే మోటారుతో కొత్త నీరు పైనుంచి పడేలా పెట్టండి. మేత ఎప్పుడూ ఎండ వచ్చిన తరువాతే.

పురుగుల పెంట, మిగిలిన ఆకు కుంటకు మంచి ఎరువు. చైనాలోని హుజౌ ప్రాంతంలో గట్ల మీద మల్బరీ, గుంటల్లో చేపలు పెంచి, పురుగుల పెంట చేపలకు, గుంట అడుగు మన్ను మల్బరీకి వేసే పద్ధతి ఎంతో కాలంగా ఉంది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2017లో దానిని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. కానీ పెబ్రిన్, పాలరోగం, సున్నపుకట్టు తగిలిన పంట పెంటను మాత్రం కుంటలో వేయరాదు. ఆ నీరే తోటకు పారుతుంది, ఆ మన్నే తోటకు ఎరువవుతుంది, రోగం ఆకుతో తిరిగి తట్టలకు వస్తుంది. దానిని కాల్చండి లేదా లోతుగా పూడ్చండి.

పెంపకపు గదిని బ్లీచింగు పొడితో కడిగిన నీరు, రీలింగు బేసిన్ల నీరు, మల్బరీకి మందు కొట్టిన పంపు కడిగిన నీరు కుంట వైపు పారకుండా ముందే కాలువ మళ్ళించండి.