కన్యాశుల్కములోని రెండు మారువేషములు

పురుషుడు స్త్రీవేషమును, స్త్రీ పురుషవేషమును ధరించుట హాస్యమునకు బహుకాలముగా నున్న సాధనము. మన తూర్పు భాగవతములో సత్యభామ జడ సవరించుకొనుచు రంగమునకు వచ్చునప్పుడు, ఆ వేషము వెనుక నున్నవాడు పురుషుడే యని చూచువారందరు నెరుగుదురు, ఎరిగియే యానందింతురు. అయితే ఇట్టి వేషము నవ్వించుటకే గాక, లోకములోని యన్యాయమును చూపుటకును పనికివచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము మన విజయనగర ప్రాంతముననే పుట్టినది. అదియే గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’.

ఈ నాటకము 1892 ఆగస్టు 13వ తేదీన విజయనగరములో తొలుత ప్రదర్శింపబడెను, 1897లో అచ్చయ్యెను. గురజాడవారు దీనిని ఎంతయో పెంచి తిరిగి వ్రాసి 1909లో ప్రకటించిరి. నేడు మనము సాధారణముగా చదువునది ఆ రెండవ రూపమే. పి. పుల్లయ్యగారి దర్శకత్వమున, ఘంటసాలగారి సంగీతముతో ఇది చలనచిత్రమై 1955 ఆగస్టు 26వ తేదీన విడుదలయ్యెను. అందు ఎన్.టి. రామారావుగారు గిరీశముగను, సావిత్రిగారు మధురవాణిగను, గోవిందరాజుల సుబ్బారావుగారు లుబ్ధావధానులుగను నటించిరి. పిల్లలు ఈ చిత్రమును చూచి గిరీశము మాటలనే తలచుకొని నవ్వుచుందురు. మేము వారి దృష్టిని ఇందలి మారువేషములవైపు మరల్పగోరుచున్నాము. కథను నాటకమునుబట్టి చెప్పెదము.

అగ్నిహోత్రావధానులు తన చిన్నకూతురు సుబ్బిని, ధనము పుచ్చుకొని, వృద్ధుడైన లుబ్ధావధానులకు కట్టబెట్ట నిశ్చయించును. తల్లి వెంకమ్మ ఏడ్చి ప్రాధేయపడినను, కడకు నూతిలో దూకినను, ఆయన మనసు మారదు. అప్పుడు మేనమామ కరటకశాస్త్రి పూనుకొనును. ఆయన నాటకములలో విదూషక వేషము వేయువాడు. వాదముచే కానిది వేషముచే సాధింపనెంచి, తన శిష్యునకు ఆడపిల్ల వేషము కట్టి, తాను వాని తండ్రినని చెప్పుకొని, సుబ్బికన్న తక్కువ వెలకు పిల్ల దొరకినదని ముసలివానికి ఆశ చూపును. లోభి వలలో పడును. పెండ్లి జరిగిపోవును. పిమ్మట ‘పెండ్లికూతురు’ చీర విడిచి, మగపిల్లవాడై మాయమగును. లేని పిల్లను చంపినాడని లుబ్ధావధానులపై ఖూనీ నేరము పడును!

ఇందులో నవ్వు ఎక్కడిది? కోకకట్టులోనిది కాదు. బేరమాడువారికి పిల్ల ముఖము, మనసు, చదువు ఏవియు నక్కరలేదు. వెల కుదిరిన చాలును. అందుచేతనే మగపిల్లవాడు సైతము వధువుగా చెల్లిపోయెను. కన్యను సరకుగా కొనువానికి సరకును పరీక్షించు తెలివియైనను లేదని కవి చూపెను. ఒక బూటకపు కన్య నిజమైన కన్యను రక్షించెను.

ఇది కల్పనాభాగమే గాని, దాని వెనుకనున్న దుఃఖము కల్పన కాదు. విజయనగరము మహారాజావారు విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టిక వ్రాయించిరని గురజాడవారు తొలికూర్పు పీఠికలో చెప్పిరి. లెక్కకు వచ్చినవి 1034. వారిలో అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు! మన తరగతిలో హాజరుపట్టీ పిలుచునట్లు ఈ సంఖ్యలను ఒక్కసారి మెల్లగా చదువుడు. అప్పుడు కరటకశాస్త్రి కట్టించిన వేషము వట్టి పరిహాసము కాదని బోధపడును.

రెండవ వేషము మధురవాణిది. ఆమె వేశ్యాకులమున పుట్టినది. లుబ్ధావధానుల తరఫు వకీలు సౌజన్యారావుపంతులు సజ్జనుడే. కాని అట్టి స్త్రీల ముఖము చూడరాదని నియమము పట్టినవాడు. నిరపరాధిని కాపాడగల నిజము మధురవాణికి తెలియును. ఆమె ఆమెగా వచ్చిన ఆ యింటి తలుపు తెరువబడదు. కావున పురుషవేషమున వచ్చి నిజము తెలుపును. నిజము చెప్పుటకు అబద్ధపు దుస్తులు ధరింపవలసి వచ్చుట ఎవరి దోషము? షేక్స్పియరు నాటకములోని పోర్షియా న్యాయవాది వేషమున సభకేగిన ఘట్టమును చదివినవారు ఈ రెంటిని పోల్చి చూతురుగాక.

మరియొక విశేషము. తొలినాళ్ల తెలుగు నాటకశాలలో స్త్రీపాత్రలను పురుషులే ధరించుచుండిరి. స్థానం నరసింహారావుగారు (1902–1971) స్త్రీపాత్రలకే ప్రసిద్ధి కెక్కి, 1956లో పద్మశ్రీ పొందిరి. ఆయన మధురవాణి పాత్రను కూడ ధరించిరి. పురుషుడు స్త్రీయై, ఆ స్త్రీ మరల పురుషుడగుట యెంత చిత్రము! చలనచిత్రమున సావిత్రిగారే మధురవాణి యగుటచే, ఆ పాత్రలోని దుఃఖము, చమత్కారము స్త్రీ ముఖముననే మనకు కనబడుచున్నవి.

అమెరికాలో 1959లో బిల్లీ వైల్డరు తీసిన ‘సమ్ లైక్ ఇట్ హాట్’ అను చిత్రములో ఇద్దరు వాద్యగాండ్రు హత్యను కన్నులార చూచి, హంతకుల బారినుండి తప్పించుకొనుటకు ఆడవేషముతో స్త్రీల వాద్యబృందమున చేరుదురు. వారు తమ ప్రాణము కాపాడుకొనుటకు వేషము వేసిరి. మన శిష్యుడు తనకు సంబంధింపని ఒక బాలిక కొరకు వేసెను. నవ్వు రెండింటను గలదు. మన కథలో దానికి దయ తోడైనది.

1929లో శారదా చట్టము వచ్చెను. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము బాలికకు 18, పురుషునకు 21 ఏండ్లు నిండనిదే పెండ్లి కూడదని విధించెను. అయినను చట్టము గ్రంథములో నుండును. పిల్ల ఇంటిలో నుండును. రెంటికి నడుమ నిలువవలసినవారు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, తోడి విద్యార్థులు. నేడు సుబ్బిని తప్పించుటకు ఎవరును వేషము కట్టనక్కరలేదు. తన మాట తానే చెప్పు ధైర్యము ఆమెకును, దానిని వినిపించుకొను ఓర్పు పెద్దలకును ఉన్న చాలును.