స్త్రీపురుష మనస్తత్త్వము: విశ్వవిద్యాలయమున దాని యధ్యయనము



మన తెలుగునాట ఆడుబిడ్డలను గూర్చి రెండు సామెతలు తఱుచుగ వినబడును. "ఆడపిల్ల 'ఆడ'పిల్లయే గాని 'ఈడ'పిల్ల కాదు" అనునది యొకటి. "తిరిగి ఆడది చెడును, తిరుగక మగవాడు చెడును" అనునది రెండవది. మొదటిది ఆమె యే యింటిదో నిర్ణయించుచున్నది. రెండవది ఆమె యెంతదూరము పోవచ్చునో నిర్ణయించుచున్నది. ఉన్నత పాఠశాలలో చదువు ముగిసిన పిమ్మట బిడ్డను దేవరాపల్లి నుండి చోడవరమునకో, అనకాపల్లికో, విశాఖపట్టణమునకో పంపవలెనా వలదా యని తలిదండ్రులు ఆలోచించునపుడు, ఈ రెండు సామెతలును పిలువకయే వచ్చి ఆ యింట కూర్చుండును.

పెద్దల సామెతలను మనము గౌరవింపవలసినదే. కాని సామెత వేఱు, పరీక్షింపబడిన సత్యము వేఱు. ఆడువారి స్వభావ మిట్టిది, మగవారి స్వభావ మట్టిది యని లోకము చెప్పు మాటలలో ఏది నిజమో, ఏది అలవాటుచే నిజమువలె తోచుచున్నదో పరీక్షించు శాస్త్రమొకటి కలదు. దానిని గూర్చి కొంత తెలిసికొందము.

శాస్త్ర స్వరూపము

మనుష్యుడు ఎట్లు నేర్చుకొనును, ఎట్లు జ్ఞాపకముంచుకొనును, ఎందులకు భయపడును, ఇతరుల మాటకు ఎట్లు లోబడును అను ప్రశ్నలకు పరిశీలనముచేతను ప్రయోగముచేతను జవాబు వెదకునది మనస్తత్త్వ శాస్త్రము. అందు స్త్రీల యనుభవములను, స్త్రీపురుషుల పోలికలను, భేదములను, ఆ భేదముల కారణములను విచారించు శాఖ యొకటి కలదు. అమెరికా దేశపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుల సంఘము 1973లో దీనికై ప్రత్యేక విభాగము నేర్పఱచెను. నేడు లోకమందలి పెక్కు విశ్వవిద్యాలయములలో ఇది పాఠ్యవిషయమై యున్నది.

ఈ శాఖలో మొట్టమొదట నేర్చుకొనవలసిన భేదమొకటి కలదు. పుట్టుకతో వచ్చు శరీరభేదము ఒకటి. ఆ భేదమును బట్టి సంఘము నేర్పు నడవడి, అప్పగించు పని, గీయు హద్దు మఱియొకటి. ఈ రెండవదానికి 'జెండరు' అని పేరు. బిడ్డను కనుట శరీరధర్మము. అన్నము వండుట జెండరు. వంట యనునది స్త్రీకి పుట్టుకతో వచ్చిన విద్యయే యైనచో, మన పెండ్లిండ్లలో గాడిపొయ్యి యెదుట నిలిచి వందలమందికి వండు వంటవారు తఱుచుగ మగవారే యగుటకు కారణమేమి? కూలి లేని వంట ఆమెది, కూలి గల వంట అతనిది యగుట ప్రకృతి చేసిన యేర్పాటు కాదు.

పూర్వవాదములు, వాని పరీక్ష

పందొమ్మిదవ శతాబ్దమున గొప్ప పండితులు సైతము స్త్రీల బుద్ధి తక్కువదని వ్రాసియుండిరి. చార్లెస్ డార్విన్ 1871లో ప్రకటించిన గ్రంథమున పురుషుడే బుద్ధిశక్తియందు అధికుడని చెప్పెను. స్త్రీల మెదడు తూకము తక్కువ గనుక బుద్ధియు తక్కువయే యని కొందఱు వాదించిరి. శరీరము పెద్దదైనచో మెదడును కొంత పెద్దదగునను సంగతిని వారు లెక్కలోనికి తగినంతగ తీసికొనలేదు. తూకమే బుద్ధియైనచో ఏనుగు మనకంటె మహాపండితుడు కావలెను గదా!

ఈ వాదములకు మన భాషలో తొలుత గట్టిగ బదులు చెప్పినవారిలో భండారు అచ్చమాంబగారు ఒకరు. ఆమె 1874లో జన్మించి, పాఠశాలకు పోకయే, తమ్ముడు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారి చదువును జూచి ఇంటనే విద్య నేర్చుకొనెను. స్త్రీలు అబలలు, మందమతులు, వివేకహీనలు అను నిందలు అసత్యములని చూపుట తన యుద్దేశములలో నొకటిగ నెంచి, "అబలా సచ్చరిత్ర రత్నమాల" యను స్త్రీల చరిత్రములను రచించెను. 1905లో, చిన్న వయస్సుననే ఆమె కాలధర్మము నొందెను.

అచ్చమాంబగారు జీవితములను సాక్ష్యముగ చూపెను. ఇంచుమించు ఆ కాలమందే అమెరికాలో ఇద్దఱు స్త్రీలు కొలతలను సాక్ష్యముగ చూపిరి. హెలెన్ థాంప్సన్ వూలీ యనునామె 25గురు పురుషులను 25గురు స్త్రీలను ప్రయోగశాలలో పెక్కు పరీక్షలకు లోను చేసి, 1903లో ఫలితములను ప్రకటించెను. వారి మధ్య పోలికలే ఎక్కువగ నుండెను. కనబడిన భేదములలో పెక్కింటికి పెంపకమే కారణమని ఆమె యభిప్రాయము.

రెండవ యామె లీటా హాలింగ్‌వర్త్. ఆమె నెబ్రాస్కాలో ఉపాధ్యాయినిగ నుండి, న్యూయార్కు చేరి వివాహము చేసికొనగా, వివాహితలను పాఠశాలలలో నియమింపరను నిబంధనచే పని దొరకకపోయెను. అప్పుడామె తిరిగి చదువు ప్రారంభించెను. పురుషులలోనే మహామేధావులును మహామూఢులును ఎక్కువగ పుట్టుదురనియు, స్త్రీలందఱును నడితరమువారే యనియు ఆనాడొక సిద్ధాంతముండెను. పుట్టిన శిశువులలోనైన ఈ భేదము కనబడునా యని 1,000 మంది మగశిశువుల కొలతలను, 1,000 మంది ఆడుశిశువుల కొలతలను ఆమెయు, సహచరియగు హెలెన్ మాంటేగును పోల్చిచూచిరి. మగశిశువులలో అట్టి యధిక వైవిధ్యము కానరాలేదు. ఋతుదినములలో స్త్రీల బుద్ధియు చేతిపనియు మందగించునను నమ్మకమును గూడ ఆమె ప్రతిదిన పరీక్షలచే శోధించి, అట్టి మందగింపు లేదని 1914లో ప్రకటించెను. 

సగటు అననేమి?

ఇంతమాత్రముచే స్త్రీపురుషుల మధ్య మనోభేదములే లేవని శాస్త్రము చెప్పుట లేదు. 2005లో జానెట్ హైడ్ అను శాస్త్రజ్ఞురాలు అంతకుముందు జరిగిన పరిశోధనల సంకలనములు 46టిని పరిశీలించెను. వానిలోని భేదములలో నూటికి 78 మిక్కిలి చిన్నవిగ గాని, ఇంచుమించు శూన్యముగ గాని తేలినవి. బంతిని విసరు వేగము వంటి కొన్ని యంశములలో పెద్ద భేదమున్నది. దేహబలముతో కలియబడుటయందు మగవారు కొంత హెచ్చు. కాని గణితశక్తి, మాటనేర్పు, ఆత్మగౌరవము మున్నగు వానిలో భేదము స్వల్పము.

ఇచట 'సగటు' అను మాటను చక్కగ గ్రహింపవలెను. రెండు మళ్లలో చెఱకు పండినదనుకొనుడు. ఒక మడి సగటు ఎత్తు రెండవదానికంటె రెండంగుళములు హెచ్చు. అంతమాత్రముచే మీ చేతికిచ్చిన యొక గడను జూచి ఇది యే మడిదో చెప్పగలరా? చెప్పలేరు. అట్లే, ఒక బాలికను జూచి, 'ఆడపిల్ల గనుక దీనికి లెక్కలు రావు' అనుట శాస్త్రము కాదు, ఊహ.

ఇంకొక మాట. ఒకే జాతి చెఱకు ముచ్చెలను రెండు మళ్లలో నాటి, ఒకదానికి రైవాడ కాలువ నీరు నిండుగ పెట్టి, రెండవదానిని ఎండగట్టినచో, పంట తగ్గినందులకు ముచ్చెలను నిందింతుమా? నీటిని విచారింతుమా? పిల్లల విషయమున నీరనగా తీరిక, ఆహారము, పుస్తకము, ప్రోత్సాహము.

మన దేశపు సాక్ష్యము

ఈ నీరు ఎవరికెంత పాఱుచున్నదో కొలిచిన లెక్కలు కలవు. భారత ప్రభుత్వము 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, జీతములేని ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును ఆ పనికి వెచ్చించిరి. 2024 నాటి సర్వేలో ఆ సంఖ్యలు 289, 88. అయిదేండ్లలో భేదము తీరలేదు.

మన రాష్ట్రమునకు మఱింత సమీపమైన సాక్ష్యము 'యంగ్ లైవ్స్' అను పరిశోధన. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము వారి యాధ్వర్యమున, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుండి సుమారు 3,000 మంది పిల్లల జీవితములను వారి చిన్ననాటి నుండి యనుసరించి వ్రాసికొనుచు వచ్చిరి. శ్రీకాకుళము జిల్లా పిల్లలును వారిలో కలరు. బాలికలు బాలురకంటె ఇంటిపనిలో ఎక్కువకాలము గడుపుటయు, రుసుము చెల్లించు పాఠశాలలకు బాలురనే ఎక్కువగ పంపుటయు, కొడుకుల చదువును గూర్చి తలిదండ్రుల యాశలు హెచ్చుగ నుండుటయు ఆ పరిశోధనలో తేలినవి.

ఆశలు మాఱునా? మాఱునని పశ్చిమ వంగదేశపు బీర్‌భూం జిల్లాలో తేలినది. పంచాయతీలలో కొన్ని యధ్యక్షపదవులు స్త్రీలకు వంతుప్రకారము కేటాయింపబడినందున, ఏ గ్రామమునకు స్త్రీ యధ్యక్షురాలు వచ్చుననునది గ్రామస్థుల యిష్టముపై నాధారపడలేదు. అందుచే పోలిక న్యాయముగ కుదిరెను. 495 గ్రామములలో జరిగిన ఈ పరిశోధన 2012లో ప్రకటింపబడెను. వరుసగ రెండు పర్యాయములు స్త్రీకి కేటాయింపబడిన గ్రామములలో, కొడుకుపై ఆశకును కూతుఱిపై ఆశకును గల యంతరము తలిదండ్రులలో నూటికి 25 వంతులును, పిల్లలలో 32 వంతులును తగ్గెను. చదువులో బాలబాలికల యంతరమే తొలగిపోయెను. బాలికలు ఇంటిపనిలో గడుపు కాలమును తగ్గెను. ఆ గ్రామములలో స్త్రీలకు క్రొత్త యుద్యోగములేవియు రాలేదు. పంచాయతీ కుర్చీలో ఒక స్త్రీని దినదినము చూచుటయే ఈ మార్పునకు ముఖ్యకారణమని పరిశోధకులు తలంచిరి.

మగపిల్లలకు దీనితో పనియేమి?

ఇది ఆడువారి శాస్త్రము, మనకేల యని బాలురు తలంపరాదు. 'మగవాడవై యుండి యేడ్చెదవా?' యని చిన్ననాడే వాని దుఃఖమునకు మూత పెట్టుదుము. మనోవ్యాకులత యను వ్యాధి లోకమున స్త్రీలలోనే ఎక్కువగ కనబడుచున్నది. కాని మన దేశమున ఆత్మహత్య చేసికొనువారిలో పదిమందికి సుమారు ఏడుగురు పురుషులే. దుఃఖమును చెప్పుకొనుటకు సిగ్గుపడుటయు దీనికొక కారణమా యని శాస్త్రజ్ఞులు విచారించుచున్నారు. స్త్రీపురుషులలో చేరనివారిని మూడవ జెండరుగ మన సుప్రీం కోర్టు 2014లో గుర్తించెను. వారి సుఖదుఃఖములును ఈ శాస్త్రమునకు విషయములే.

విశ్వవిద్యాలయమున

1926లో స్థాపింపబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయము మనకు దగ్గఱగనే విశాఖపట్టణమున నున్నది. అచట మనస్తత్త్వ శాస్త్ర శాఖయు, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేర స్త్రీ యధ్యయన కేంద్రమును కలవు. 1983లో తిరుపతిలో స్థాపింపబడిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమందును స్త్రీ యధ్యయన శాఖ కలదు.

ఆ కేంద్రమునకు దుర్గాబాయిగారి పేరు తగియున్నది. 1930వ దశకమున ఆమె ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరగోరగా, స్త్రీలకు వసతిగృహము లేదను అడ్డంకి వచ్చెను. ఆమె పత్రికలలో ప్రకటన వేయించి, తనవలెనే చదువగోరి వసతిలేక ఆగిపోయిన యువతులను పిలిచెను. కొందఱు వచ్చిరి. వారితో వసతిగృహము ప్రారంభమాయెను. తరువాత ఆమె రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలై, 1958లో ఏర్పడిన జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు అధ్యక్షురాలాయెను. ఆ ప్రకటనకు ముందు ఎవరైన విశ్వవిద్యాలయపు పట్టికను జూచి, 'స్త్రీలకు ఉన్నతవిద్యపై కోరిక లేదు' అని వ్రాసియుండినచో, ఆ పట్టిక సరియైనదే, ఆ తీర్పు తప్పు. లేనిది కోరిక కాదు, గది. ఈ శాస్త్రము నేర్పు ముఖ్యమైన వివేకము ఇదియే.

ఈ విద్యను కోరువారు ఇంటర్మీడియెటు పిమ్మట మనస్తత్త్వ శాస్త్రము గల డిగ్రీలో చేరి, తరువాత ఎం.ఏ. చదువవచ్చును. పిల్లల యెదుగుదల, సాంఘిక మనస్తత్త్వము, పరిశోధన పద్ధతులు, గణాంక శాస్త్రము అందు ముఖ్యములు. కావున లెక్కలను నిర్లక్ష్యము చేయవలదు. ఉపాధ్యాయులు, సలహాదారులు, పరిశోధకులు కాగోరువారికి ఇది యుపయోగకరము. రోగులకు మానసిక చికిత్స చేయుటకు మాత్రము పునరావాస మండలి గుర్తించిన ప్రత్యేక శిక్షణము కావలెను.

అభ్యాసము

విద్యార్థులారా! ఈ శాస్త్రమును ప్రారంభించుటకు విశ్వవిద్యాలయము చేరువఱకు ఆగనక్కఱలేదు. ఒక వారము పాటు మీ యింట ఎవరు వంటకు, నీటికి, పశువులకు, చదువునకు, ఆటకు, నిద్రకు ఎన్ని గంటలు వెచ్చించుచున్నారో కాగితముపై వ్రాయుడు. పేర్లు వద్దు, స్త్రీ, పురుషుడు, వయస్సు అనినంత చాలును. తరగతిలోని కాగితములన్నిటిని కలిపి సగటు కట్టుడు. అప్పుడు 'మా చెల్లి చదువులో వెనుకబడినది' అనువారు ఆమెకు దినమునకు దొరికిన చదువుకాలమెంతయో ముందు చెప్పవలెను.

తలిదండ్రులారా! మీ బిడ్డను దూరము పంపుటకు భయపడుట తప్పు కాదు. దారి యెట్లున్నది, వసతి యెట్లున్నది, ఖర్చెంత యని విచారింపుడు. అవి విచారింపదగిన ప్రశ్నలే. కాని ఆడపిల్లకు చదువబ్బదను మాటను మాత్రము ఆ లెక్కలో చేర్చవలదు. నూఱేండ్లకు పైగా జరిగిన పరీక్షలలో ఆ మాటకు ఆధారము దొరకలేదు.