విమానాశ్రయంలో సోదా – పౌరస్వేచ్ఛ

శంషాబాదు విమానాశ్రయపు అద్దాల తలుపుల వద్ద ప్రతి రాత్రీ కనిపించే దృశ్యమిది. జిద్దాకో, దుబాయికో, షికాగోకో వెళ్లే కుమారుని సాగనంపడానికి కుటుంబమంతా వస్తుంది. తల్లి దువా చదివి, కొడుకు తల నిమిరి, కళ్లు తుడుచుకుంటుంది. అతడు లోపలికి వెళ్లి గడియారమూ, బెల్టూ, జేబులోని చిల్లరా ఒక ట్రేలో ఉంచి, రెండు చేతులూ చాపి నిలబడతాడు. ముక్కూ మొగమూ తెలియని ఉద్యోగి ఒకరు అతని ఒంటిని తడిమి చూస్తారు. ఆ యువకుడు ఏ నేరమూ చేయలేదు. అతనిపై ఫిర్యాదు లేదు. మేజిస్ట్రేటు సంతకం చేసిన వారంటు లేదు. ఇదే పని చార్మినారు చౌరస్తాలో ఒక పోలీసు చేసినట్లయితే, "ఎందుకు?" అని అడిగే హక్కు తనకున్నదని అతనికి తెలుసు. ఇక్కడ మాత్రం అడగడు. మనలో ఎవరమూ అడగము.

మనము అడగకపోవడం సబబేనా? ప్రాణరక్షణ కోసం స్వేచ్ఛలో ఎంత భాగాన్ని వదులుకోవచ్చు? వదులుకున్న దానికి హద్దు ఎవరు గీయాలి? రాజనీతిశాస్త్ర విద్యార్థులకే గాక, రేపు ఉద్యోగానికో పైచదువుకో విమానమెక్కబోయే ప్రతి విద్యార్థికీ ఈ ప్రశ్నలు అవసరమైనవి. కనుక వీటిని మొదటి నుండి పరిశీలిద్దాము.

సోదాకు హద్దు ఎలా ఏర్పడింది?

పౌరుని ఇంటినీ ఒంటినీ సోదా చేసే అధికారం ఒకప్పుడు ప్రభువులకు దాదాపు హద్దు లేకుండా ఉండేది. 18వ శతాబ్దిలో ఇంగ్లండు ప్రభుత్వం పేరూ వివరమూ లేని సాధారణ వారంట్లతో ఇళ్లు వెదికించేది. అమెరికా వలసలలో సుంకపు అధికారులకు అటువంటి అధికారమే ఉండేది. దానికి వ్యతిరేకంగా 1761లో బోస్టను నగరంలో జేమ్స్ ఓటిస్ అనే న్యాయవాది వాదించి, ఓడిపోయాడు. 1765లో ఇంగ్లండులో ఎంటిక్ అనే రచయిత మాత్రం గెలిచాడు. రాజాజ్ఞ పేరిట తన ఇల్లు పగులగొట్టి కాగితాలు పట్టుకుపోవడం చట్టవిరుద్ధమని లార్డ్ కామ్డెన్ చేత ఆయన తీర్పు పొందాడు. ఈ అనుభవాల ఫలితమే 1791లో అమెరికా రాజ్యాంగంలో చేరిన నాలుగవ సవరణ. అసమంజసమైన సోదాల నుండి పౌరునికి రక్షణ ఉండాలన్నదే దాని సారాంశము.

మన రాజ్యాంగంలో అటువంటి అధికరణం విడిగా లేదు. ఆ సంగతిని 1954లో ఎం.పి. శర్మ కేసులో సుప్రీంకోర్టు ఎత్తి చూపింది. అయితే 21వ అధికరణం వ్యక్తిస్వేచ్ఛను కాపాడుతున్నది. విదేశయానం కూడా ఆ స్వేచ్ఛలో భాగమేనని 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులోను, ఆ స్వేచ్ఛను హరించే పద్ధతి న్యాయమైనదిగా, సమంజసమైనదిగా ఉండాలని 1978లో మేనకా గాంధీ కేసులోను సుప్రీంకోర్టు చెప్పింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించి, 1954 నాటి తీర్పులోని దీనికి విరుద్ధమైన అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. ప్రభుత్వం ఈ హక్కులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, తగిన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి మించని కొలత ఉండాలి.

విమానాశ్రయానికి సోదా ఎలా వచ్చింది?

విమానప్రయాణం మొదలైన నాడు ఈ సోదా లేదు. రైలెక్కినట్లే విమానం ఎక్కేవారు. 1968 – 1972 మధ్య అమెరికాలో 130కి పైగా విమానాల అపహరణలు, అపహరణ యత్నాలు జరగడంతో పరిస్థితి మారింది. మొదట అక్కడి అధికారులు ప్రయాణికులందరినీ గాక, కొన్ని లక్షణాల పట్టికను బట్టి కొందరిని మాత్రమే ఎంచి సోదా చేయించారు. ఈ పద్ధతిలోని ప్రమాదం త్వరలోనే బయటపడింది. 1971లో న్యూయార్కులోని ఒక ఫెడరల్ న్యాయస్థానం ఎదుటికి లోపెజ్ కేసు వచ్చింది. విమాన సంస్థ సిబ్బంది తమంత తామే పట్టికను మార్చి, అందులో జాతికి సంబంధించిన లక్షణాన్ని చేర్చినట్లు విచారణలో తేలింది. పద్ధతిని సూత్రప్రాయంగా సమర్థించిన న్యాయమూర్తి, ఈ మార్పు కారణంగా ఆ సోదాలో దొరికిన సాక్ష్యాన్ని మాత్రం అంగీకరించలేదు.

1973 జనవరి 5 నుండి అమెరికాలో ప్రయాణికులందరినీ, వారి చేతిసంచులన్నింటినీ తనిఖీ చేయడం ప్రారంభమైంది. అదే సంవత్సరం డేవిస్ కేసులో అక్కడి తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం రెండు షరతులు చెప్పింది. సోదా ఆయుధాలకూ పేలుడు పదార్థాలకూ పరిమితం కావాలి. ప్రయాణం మానుకుని వెనుదిరిగే అవకాశం ప్రయాణికునికి ఉండాలి. ఇందులో రెండవదానిని అదే న్యాయస్థానం 2007లో కుదించింది. తనిఖీ మొదలైన తరువాత వెనుదిరుగుతానంటే చెల్లదన్నది. మొదటి షరతు నిలిచే ఉన్నది. 2009లో ఒహాయోలోని ఒక ఫెడరల్ న్యాయస్థానం, ఆయుధాలు వెదికే నెపంతో కవర్లు విప్పి దొంగ పాస్‌పోర్టులు పట్టుకున్న సందర్భంలో, సోదా దాని ప్రయోజనాన్ని దాటిందని చెప్పి ఆ సాక్ష్యాన్ని తోసివేసింది.

మన దేశపు కథ కూడా అపహరణలతోనే మొదలైనది. 1971 జనవరి 30న శ్రీనగర్ నుండి జమ్మూకు వెళ్తున్న 'గంగ' అనే విమానాన్ని ఇద్దరు యువకులు లాహోరుకు మళ్లించారు. వారి చేతిలో ఉన్నది ఆటబొమ్మ పిస్తోలని తరువాత తేలింది. 1976లో మరొక విమానం లాహోరుకు పోయింది. అటుపిమ్మట పాండే కమిటీ సిఫారసు ననుసరించి 1978 జనవరిలో పౌర విమానయాన భద్రతా విభాగం ఏర్పడింది. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా 'కనిష్క' విమానం ఐర్లండు సమీపాన సముద్రంపై పేలిపోయి 329 మంది మరణించారు. విమానమెక్కని ప్రయాణికుని పెట్టెలో బాంబు ఉన్నది. ఆ రోజు టొరంటోలో పెట్టెలను పరీక్షించే ఎక్స్‌రే యంత్రం మధ్యలో పనిచేయడం మానివేసింది. 1987లో భద్రతా విభాగాన్ని స్వతంత్ర శాఖగా చేశారు. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుండి బయలుదేరిన ఐ.సి. 814 విమానం అపహరణ తరువాత, 2000 నుండి విమానాశ్రయాల కాపలా క్రమంగా రాష్ట్ర పోలీసుల నుండి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి మారినది.

ఉభయ పక్షాల వాదము

సోదాను సమర్థించేవారి వాదం తేలికైనది కాదు. 329 ప్రాణాల ముందు రెండు నిమిషాల అసౌకర్యం ఎంత? ఆకాశంలో విమానానికి పోలీసును పిలిచే వీలు లేదు. కనుక ప్రమాదాన్ని నేలమీదనే ఆపాలి. జీవించే హక్కు లేనిదే తక్కిన హక్కులు ఎవరికి? ఈ వాదాన్ని తోసివేయడం సాధ్యం కాదు, న్యాయం కూడా కాదు.

అయితే పౌరస్వేచ్ఛావాదులు ఎత్తిచూపే సంగతులు కూడా బరువైనవే. ఒకసారి వచ్చిన నిబంధన త్వరగా పోదు. 2001 డిసెంబరులో ఒకడు బూటులో బాంబు తెచ్చాడు. 2006 నుండి అమెరికాలో సామాన్య ప్రయాణికులందరూ బూట్లు విప్పవలసి వచ్చింది. ఆ నిబంధన 2025 జులైలో గాని తొలగలేదు. 2006 ఆగస్టులో ద్రవరూపపు బాంబుల కుట్ర బయటపడగా నీళ్ల సీసాపై ఆంక్ష వచ్చింది. 2009 క్రిస్‌మస్ నాటి ప్రయత్నం తరువాత ఒంటిని యంత్రంతో పరీక్షించడం విస్తరించింది. మనిషి దేహపు రూపురేఖలను తెరపై చూపిన యంత్రాలపై తీవ్రమైన అభ్యంతరాలు వచ్చాయి. 2011లో అక్కడి అప్పీలు న్యాయస్థానం, ఆ యంత్రాలు రాజ్యాంగవిరుద్ధం కావు గాని, ప్రజాభిప్రాయం కోరకుండా వాటిని ప్రవేశపెట్టడం తప్పని చెప్పింది. 2013 నాటికి వాటిని తొలగించి, సామాన్యమైన బొమ్మపై అనుమానాస్పదమైన చోటును మాత్రమే గుర్తుపెట్టే యంత్రాలను వాడసాగారు. అడిగితే మార్పు వస్తుందనడానికి ఇది నిదర్శనం. కఠినమైన సోదా అంతా ఫలవంతమైన సోదా అని చెప్పడానికీ లేదు. అమెరికాలో రహస్యంగా జరిపిన పరీక్షలలో 70కి 67 సార్లు ఆయుధాలు తనిఖీని దాటిపోయాయని 2015లో వార్తలు వెలువడగా, ఆ సంస్థ అధిపతిని అక్కడి నుండి తప్పించారు.

మన దగ్గర కూడా చేతిసంచి చీటీపై ముద్ర వేసే పద్ధతి ఏళ్ల తరబడి సాగి, 2017 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా ఏడు విమానాశ్రయాలలో నిలిచిపోయింది. ముద్ర పోయినందువల్ల భద్రత పోలేదు.

పేరును బట్టి అనుమానము

ఇంతవరకు చెప్పినవి అందరికీ సమానంగా వర్తించే కష్టాలు. అసలు గాయం వేరొక చోట ఉన్నది. విదేశాలకు వెళ్లివచ్చిన మన పూర్వ విద్యార్థులు కొందరు చెప్పే మాట ఒక్కటే. సోదా తమను బాధించలేదు. వరుసలో ఉన్న వందమందిలో, పాస్‌పోర్టుపై పేరు చదివి తమ నొక్కరినే పక్కకు పిలవడం బాధించింది.

పేరునూ రూపాన్నీ బట్టి ఎంచడం పొదుపైన పద్ధతి కదా, వృద్ధులనూ పసిపిల్లలనూ తడిమి కాలం వృథా చేయడమెందుకు అని కొందరు వాదిస్తారు. దీనికి చరిత్రే సమాధానం చెప్పింది. 1986 ఏప్రిల్ 17న లండను హీత్రూ విమానాశ్రయంలో గర్భవతియైన ఒక ఐరిష్ యువతి సంచి అడుగున బాంబు దొరికింది. వివాహమాడతానని నమ్మించిన వ్యక్తి ఆమెకు తెలియకుండానే ఆ సంచిని ఇచ్చాడు. ఆమె ఏ అనుమానపు పట్టికలోనూ లేదు. మామూలు తనిఖీని ఆమె దాటివచ్చింది. విమాన సంస్థ భద్రతా సిబ్బంది ఆమెను ప్రశ్నించి, సంచిని శ్రద్ధగా పరిశీలించినందువల్లనే వందలాది ప్రాణాలు దక్కాయి. ముఖం చూసి నిర్ణయించేవాడు మోసపోతాడు. సంచిని చూసేవాడు మోసపోవడం తక్కువ.

అమెరికాలో విమానమెక్కరాని వారి రహస్య జాబితా ఒకటి ఉన్నది. తన పేరు ఎందుకు చేరినదో తెలుసుకునే దారి, దానిని తొలగించుకునే సరియైన దారి లేకపోవడం రాజ్యాంగవిరుద్ధమని 2014లో ఒరెగాన్ ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. తమ సమాజంపై వేగు నడపడానికి నిరాకరించినందుకే తమను జాబితాలో చేర్చారని ఆరోపించిన ముగ్గురు ముస్లింలు, ఆ అధికారుల నుండి నష్టపరిహారం కోరుతూ దావా వేయవచ్చునని 2020 డిసెంబరులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ప్రకటించింది. అన్యాయం జరిగిన దేశంలోనే న్యాయస్థానపు తలుపు తెరుచుకోవడం గమనార్హము.

సమానత్వానికి మరొక వైపు కూడా ఉన్నది. 2009లో ఢిల్లీ విమానాశ్రయంలో ఒక విదేశీ విమాన సంస్థ సిబ్బంది మాజీ రాష్ట్రపతి డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం గారిని సోదా చేశారు. మన నిబంధనల ప్రకారం మాజీ రాష్ట్రపతులకు ఆ సోదా నుండి మినహాయింపు ఉన్నది. దేశమంతటా నిరసన చెలరేగింది. ఆ సంస్థ క్షమాపణ చెప్పింది. కలాం గారు మాత్రం ఆ సమయాన ఏ ఆక్షేపణా తెలుపక సోదాకు నిలబడ్డారు. నిబంధనను ఉల్లంఘించిన సంస్థను ప్రశ్నించడం న్యాయమే. కాని పేరును బట్టి అనుమానించడం తప్పయినప్పుడు, పదవిని బట్టి మినహాయించడం మాత్రం ఒప్పవుతుందా అన్న ప్రశ్నను ఆ సంఘటన మన ముందు ఉంచుతున్నది.

ముఖమే టిక్కెట్టయిన రోజులు

నేడు సోదా చేతులతోనే గాక, కెమెరాతోనూ జరుగుతున్నది. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగుళూరు, వారణాసి విమానాశ్రయాలలో ప్రారంభమైన 'డిజి యాత్ర' పద్ధతి 2023లో హైదరాబాదుకూ, విజయవాడకూ వచ్చింది. ప్రయాణికుని ముఖాన్ని యంత్రం గుర్తించి ద్వారం తెరుస్తుంది. ఇందులో చేరడం ఐచ్ఛికమనీ, వివరాలు ప్రయాణికుని ఫోనులోనే ఉంటాయనీ, విమానాశ్రయానికి అందినవి ప్రయాణం తరువాత 24 గంటలలో చెరిపివేస్తారనీ ప్రభుత్వం చెబుతున్నది. సౌకర్యమైనదే. అయితే సంచిలోని కత్తెరను తీసివేస్తే సోదా ముగుస్తుంది. ముఖం ఒకసారి లెక్కల్లోకి ఎక్కితే దానిని మార్చుకోలేము. కనుక 'ఐచ్ఛికం' అనే మాట కాగితంపైనే గాక ద్వారం వద్ద కూడా నిజం కావాలి.

ముగింపు

పై చరిత్రను బట్టి మంచి సోదాకు అయిదు లక్షణాలు చెప్పుకోవచ్చు. దానికి చట్టపు ఆధారం ఉండాలి. ప్రయాణికుల ప్రాణరక్షణకు అవసరమైనంత వరకే పరిమితం కావాలి. అందరికీ ఒకే తీరుగా వర్తించాలి. మర్యాదతో జరగాలి, స్త్రీలను స్త్రీలే, తెర చాటున తనిఖీ చేసే మన పద్ధతి ఇటువంటిదే. తప్పు జరిగినప్పుడు అడగడానికి ఒక చోటు ఉండాలి. ఈ అయిదూ ఉన్నప్పుడు చేతులు చాపి నిలబడడంలో అవమానం లేదు. పక్కవాని ప్రాణానికి మనమిచ్చే పూచీ అది. ఇందులో ఏ ఒక్కటి లోపించినా, లోపించినదని మర్యాదగా, స్పష్టంగా చెప్పడం పౌరుని విధి. అధికారితో కలహించడం పౌరస్వేచ్ఛ కాదు. అన్నింటికీ తల వంచడం దేశభక్తి కాదు.

ఉర్దూలో 'తలాషీ' అంటే సోదా, 'తలాష్' అంటే అన్వేషణ. తెలుగులో శోధన అనే మాటకూ ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. రేపు ఆ ద్వారం వద్ద మన సంచిని ప్రభుత్వం శోధించవచ్చు. ప్రభుత్వపు చట్టాన్ని శోధించే హక్కు మనకున్నది. ఆ హక్కును వినియోగించుకోవాలంటే ముందు ఆ చట్టాన్ని చదవాలి. విద్యార్థులు చేయవలసిన మొదటి పని అదే.