రసీదులో ఒక మాట

గురజాల దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో ఒక మిరప కూలీ. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది.

ఒకరోజు ఇంటి పన్ను రసీదు ఇచ్చారు. ఇదివరకైతే మడిచి చూరులో దోపేది. ఈసారి కూడబలుక్కుని చదివింది. ఇంటి పన్ను, నీటి పన్ను, గ్రంథాలయ పన్ను.

"ఇదేం పన్ను?" అనుకుంది. పని లేని రోజు చూసుకుని గ్రంథాలయానికి వెళ్లింది. అక్కడి మేడమ్‌కి రసీదు చూపించింది.

"ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు వస్తాయమ్మా. 500 రూపాయల పన్నుకు 40 రూపాయలు. ఇది మీ డబ్బుతో నడిచే చోటు. కూర్చోండి" అంది మేడమ్.

"మా బడిలో పుస్తకాలకు చెదలు పట్టాయి మేడమ్. ఆ పుస్తకాలు ఇంకెక్కడా దొరకవా?"

"దొరకవచ్చు. కలకత్తాలో జాతీయ గ్రంథాలయం ఉంది. దేశంలో అన్నిటికంటే పెద్దది. 1953లో ప్రజలకు తెరిచారు. 1954లో ఒక చట్టం వచ్చింది. దేశంలో ఎవరు పుస్తకం అచ్చు వేసినా 30 రోజుల్లో ఒక ప్రతి అక్కడికి పంపాలి. చెన్నై, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకూ ఒక్కొక్కటి పంపాలి. నరసరావుపేటలో అచ్చయినా అంతే. ఒకచోట పాడైనా ఇంకోచోట మిగులుతుంది."

"అన్ని పుస్తకాల్లో మనది ఎట్లా దొరుకుతుంది?"

"అక్కడ 20 లక్షలకు పైగా పుస్తకాలు ఉన్నాయి. తెలుగుకు వేరే విభాగం ఉంది. ప్రతి పుస్తకానికీ ఒక నంబరు వేస్తారు. రాసినవారి పేరు, పుస్తకం పేరు జాబితాలో ఎక్కిస్తారు. మనం జాబితా చూసి చీటీ రాసివ్వాలి. నంబరు చూసి తెచ్చిస్తారు. అక్కడే కూర్చుని చదువుకోవచ్చు. పాత పుస్తకాలకు తేమ, పురుగు తగలకుండా చూస్తారు. చినిగిపోయేవాటికి ఫొటోలు తీసి దాస్తారు."

"మన ఇళ్లల్లో విత్తనాలు దాచినట్టు!"

"అవునమ్మా. విత్తనం దాచేది మళ్లీ చల్లడానికే కదా. పుస్తకం దాచేది చదవడానికే. మీరు ఇక్కడ సభ్యులుగా చేరండి. పుస్తకం ఇంటికి తీసుకెళ్లవచ్చు."

మేడమ్ కాగితం ఇచ్చింది. అలవాటుగా సిరా డబ్బా కూడా ముందుకు జరిపింది.

"వేలిముద్ర వద్దు మేడమ్. కలం ఇవ్వండి" అంది ఆమె.

ఆలోచించండి, చెప్పండి
1. మీ పన్ను రసీదు తీసి చదవండి. గ్రంథాలయ పన్ను ఎంత?
2. అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ ఎందుకు దాచాలి?
3. మీ దగ్గరి గ్రంథాలయం ఎక్కడ ఉంది? ఎప్పుడు తెరుస్తారు?

రాయండి: రసీదు, చట్టం, జాబితా, సభ్యులు, సంతకం