బోయజు పొలము: అన్నము పెట్టుచోట కాపుదల

పాఠభాగము: రూతు 2వ అధ్యాయము. కూడ చదువవలసినవి: 1 సమూయేలు 2:12-25, అపొస్తలుల కార్యములు 6:1-7, 2 కొరింథీయులకు 8:16-21, మత్తయి 18:1-14.



మన పల్లె సంఘములలో స్త్రీలు వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి ప్రభువు నిమిత్తము వేరుగా ఉంచు వాడుక అనేక చోట్ల కలదు. ఆ పిడికెళ్లు కూడి మూటయగును. ఆ మూట విధవరాలికిని, తలిదండ్రులు లేని బిడ్డకును, మంచము పట్టినవానికిని అన్నమగును. పండుగలలో ప్రేమవిందు పెట్టుదుము. తుపాను వచ్చినప్పుడును, 2020వ సంవత్సరమున కరోనా వ్యాధివలన కూలిపనులు నిలిచిపోయినప్పుడును అనేక సంఘములు బియ్యము, పప్పు పంచిపెట్టినవి. ఇది మంచి పని. దీనికొరకు దేవుని స్తుతింతుము.

అయితే ఈ నెల మనలను మనము ఒక ప్రశ్న అడుగుకొందము. అన్నము కొరకు మన యొద్దకు వచ్చు చిన్నబిడ్డయు, ముసలమ్మయు, మతి నిలుకడ లేనివాడును, నడువలేనివాడును మన చేతులలో క్షేమముగా ఉన్నారా? రూతు గ్రంథము ఈ ప్రశ్నకు తిన్నని జవాబు చెప్పుచున్నది.

పొలములోని అపాయము

కోత కోయువాడు పొలపు ఓరలను పూర్తిగా కోయరాదనియు, రాలిన పరిగెను బీదలకును పరదేశులకును విడువవలెననియు ధర్మశాస్త్రము విధించెను (లేవీయకాండము 19:9-10). తండ్రిలేనివారికిని విధవరాండ్రకును అందులో పాలు కలదు (ద్వితీయోపదేశకాండము 24:19-21). రూతు ఈ ఏర్పాటును నమ్ముకొని యవలకోత కాలమున పొలములోనికి వెళ్లెను. ఆమె విధవరాలు, మోయాబు దేశస్థురాలు, అండలేనిది, ఆకలిగొన్నది.

ధాన్యము దొరకు పొలములోనే అపాయమును ఉండెను. లేనియెడల, ఆమెను ముట్టవద్దని బోయజు తన పనివారికి ఆజ్ఞ ఇయ్యవలసిన పనియేమి? (9వ వచనము). సాయంకాలమున నయోమి సంగతి అంతయు విని, బోయజు పనికత్తెలతోనే వెళ్లుమనియు, పరాయి చేలలోనివారి కంట పడవద్దనియు కోడలికి బుద్ధి చెప్పెను (22వ వచనము). ఆ పెద్దామెకు పల్లె సంగతి తెలియును. ఆకలితో వచ్చిన ఒంటరి స్త్రీని చూచి కొందరి మనస్సు ఎట్లు తిరుగునో ఆమె ఎరుగును.

గింజ ఎవరి చేతిలో ఉండునో ఆ చేతికి అధికారము ఉండును. ఆకలిగొన్నవాడు ఆ చేతిని ఎదిరింపలేడు. వద్దనిన రేపు అన్నము దొరకదేమో అని భయపడును. పెట్టుచేతికి ఇట్టి అధికారము కలదని ఎరుగని సంఘము మంచి మనస్సుతోనే తోడేలునకు తలుపు తెరచిపెట్టును.

బోయజు చేసిన పనులు

మొదటిది, అతడు విచారించెను. పొలమునకు రాగానే ఈ చిన్నది ఎవరని పనివారిమీద ఉన్నవానిని అడిగెను (5వ వచనము). తన పొలములో ఎవరున్నారో యజమానునికి తెలియవలెను.

రెండవది, కీడు జరుగకముందే ఆజ్ఞ ఇచ్చెను. ఆ ఆజ్ఞ ఇచ్చినది తన సొంత పనివారికే. "అమ్మా, నీవు జాగ్రత్తగా ఉండుము" అని ఆమెకు చెప్పి ఊరకుండలేదు. కాపాడుకొను భారమును బలహీనురాలిమీద వేయక బలము గలవారిమీద వేసెను.

మూడవది, ఆమెను ఒంటరిగా విడువలేదు. పనికత్తెల యొద్దనే నిలిచియుండుమనెను (8వ వచనము).

నాలుగవది, దప్పి కలిగినప్పుడు కుండల యొద్దకు తానే పోయి త్రాగవచ్చునని చెప్పెను (9వ వచనము). గ్రుక్కెడు నీళ్లకొరకు ప్రతిసారి ఎవరినో బతిమాలుకొను అవసరము తీసివేసెను.

అయిదవది, ఆమెను సిగ్గుపరచవద్దని చెప్పెను (15వ వచనము). కోతవారి ప్రక్కను కూర్చుండబెట్టి భోజనము పెట్టెను. ఆమె తిని తృప్తిపొంది అత్తకును మిగుల్చుకొనెను. పనలలోనుండి పిడికెళ్లు కావలెననియే లాగి పడవేయించెను (16వ వచనము).

సిగ్గుపరచుటను గూర్చిన ఆ మాట చదివినప్పుడెల్ల నా తప్పు నాకు జ్ఞాపకము వచ్చును. ఒక తుపాను తరువాత మేము బియ్యము పంచితిమి. ప్రతివారి చేతికి సంచి ఇచ్చి నిలువబెట్టి ఫోటో తీసితిమి. ఒక వృద్ధురాలు ముఖమునకు కొంగు అడ్డము పెట్టుకొనెను. "కొంగు తీయి అమ్మా, ముఖము కనబడవలెను" అని నేనే అంటిని. ఆమె తీసెను. తీయక ఏమి చేయును? బియ్యము నా చేతిలో ఉండెను. మరుసటి నెల ఆమె రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితిని. "గంజి తాగి పడుకుంటాను గాని అయ్యగారూ, ఆ ఫోటోలో మళ్లీ నిలబడలేను. పట్నంలో నా కొడుకు చూస్తే తల ఎత్తుకోలేడు" అనెను. నేను ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. అయినను ఆమె ఆకలిని అడ్డము పెట్టుకొని ఆమె గౌరవమును తీసికొంటిని. చిన్న విషయములో నాకు ఇది ఇంత సులభమైతే, దుర్బుద్ధి గలవానికి పెద్ద విషయములో ఎంత సులభము!

ఏలీ ఇంటి పాపము

బోయజునకు ఎదురుగా లేఖనము ఏలీ కుమారులను నిలువబెట్టుచున్నది. షిలోహులో బలి అర్పింప వచ్చినవారి మాంసమును వారు బలవంతముగా తీసికొనిరి. గుడారపు ద్వారమునొద్ద సేవచేయు స్త్రీలను చెరిపిరి (1 సమూయేలు 2:12-17, 22). ఆహారములో అన్యాయమును స్త్రీలయెడల అన్యాయమును ఒకే చోట, ఒకే చేతులతో జరిగెను. ఏలీ వినెను, మందలించెను. అయితే వారిని ఆ పనిలోనుండి తీసివేయలేదు. తెలిసియుండియు అడ్డగింపని పాపము అతని లెక్కలో వ్రాయబడెను (3:13).

ఇది ప్రాచీన కథ మాత్రమే కాదు. 2002వ సంవత్సరమున గినియా, లైబీరియా, సియెర్రా లియోన్ దేశముల శరణార్థి శిబిరములను గూర్చి ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థయు, సేవ్ ద చిల్డ్రన్ సంస్థయు కలిసి ఒక నివేదిక వెలువరించెను. సహాయము పంచువారిలో కొందరు ఆహారమును ఎరగా చూపి బాలికలను చెరుపుచున్నారను ఆరోపణలు దానిలో ఉండెను. లోకము నివ్వెరపోయెను. 2003లో ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి తన సిబ్బందికి కఠినమైన నియమములు జారీచేసెను.

"అది దూరదేశము, ఇక్కడ మనమందరము ఒకరినొకరము ఎరిగినవారమే" అని కొందరు అనవచ్చును. 2007లో మన భారత ప్రభుత్వపు స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రములలో పిల్లలను గూర్చి జరిపిన పరిశీలనను వెలువరించెను. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. అడుగబడిన పిల్లలలో నూటికి 53 మంది ఏదో ఒక రూపమున లైంగిక వేధింపునకు గురియైరని తెలిసెను. చేసినవారిలో సగముమంది ఆ పిల్లలు ఎరిగినవారు, నమ్మినవారు. పిల్లలలో అధికులు ఎవరికిని చెప్పలేదు. కావున ఎరిగినవారమనుట కాపుదల కాదు.

మన సంఘములో చేయవలసినవి

యెరూషలేము సంఘములో అనుదిన పరిచర్యయందు కొందరు విధవరాండ్రు చిన్నచూపు చూడబడినప్పుడు, అపొస్తలులు ఆ సణుగును అణచివేయలేదు. మంచి పేరు గల ఏడుగురిని సంఘమే ఏర్పరచుకొనునట్లు చేసిరి (అపొ. కార్యములు 6:1-6). పౌలు సహాయపు చందాను ఒంటరిగా మోసికొనిపోలేదు. దేవుని యెదుటనే గాక మనుష్యుల యెదుటను నిందలేకుండునట్లు తోడివారిని వెంట ఉంచుకొనెను (2 కొరింథీ 8:19-21). అపొస్తలుడే అట్లు చేసినయెడల మనకు అది అవమానమా? ఈ మాదిరిని బట్టి కొన్ని కట్టుబాట్లు చేసికొందము.

1. వచ్చిన వారమే ఎవరికిని కొట్టుగది తాళపుచెవి ఇయ్యరాదు. అతడు మునుపు ఉన్న ఊరిలో, సంఘములో విచారింపవలెను.

2. పెద్దవాడెవడును ఒక బిడ్డతో మూసిన గదిలో ఒంటరిగా ఉండరాదు. వంటపాకలోను, కొట్టుగదిలోను, ఇండ్లకు భోజనము మోసికొనిపోవునప్పుడును ఇద్దరు ఉండవలెను. వారిలో ఒకరు స్త్రీ అయితే మేలు. పాస్టరునకును పెద్దలకును ఇదే కట్టడ.

3. పంపిణీ పగటివేళ పదిమంది యెదుట జరుగవలెను. కొలత అందరికి తెలియవలెను. "నీకు మాత్రము ఎక్కువ ఇచ్చెదను, తరువాత రమ్ము" అనువాడు మంచివాడైనను ఆ మాట మానవలెను.

4. మంచము పట్టినవారి పాలు వారికే చేరినదో లేదో చూడవలెను. వారి పింఛను పుస్తకమును, ఆధార్ కార్డును మన యొద్ద ఉంచుకొనరాదు. చదువురాని వృద్ధునిచేత తెలియని కాగితముమీద వేలిముద్ర వేయింపరాదు. మతి నిలుకడ లేనివానితోనైనను మొదట అతనితోనే మాటలాడవలెను.

5. అన్నమునకు బదులుగా చాకిరి అడుగరాదు. అడుగకుండ ఎవరి ఫోటోయు తీయరాదు. విస్తరి ముందు కూర్చున్న బిడ్డల ఫోటో అసలే వద్దు.

6. ఫిర్యాదు వినుటకు ఒక స్త్రీని, ఒక పురుషుని ఏర్పరచి, వారి పేర్లు ఆరాధనలో ప్రకటింపవలెను. పిల్లల సహాయమునకు 1098, వృద్ధులకు 14567, స్త్రీలకు 181, అత్యవసరమునకు 112 అను ఫోను నంబర్లు మందిరపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయవలెను.

తలిదండ్రులకు ఒక మాట. రూతు ఇంటికి రాగానే ఈ దినము ఎక్కడ ఏరుకొంటివని నయోమి అడిగెను (19వ వచనము). మీరును అడుగుడి. బిడ్డ చెప్పునది ఓపికతో వినుడి.

సంగతి తెలిసినప్పుడు

ప్రతి ఆదివారము బంతిలో మొదట కూర్చుండు పదియేండ్ల పిల్ల ఉన్నట్టుండి రాదు. పిలిచినను రాదు. ఆకలి ఉండియు వడ్డించు ఒకని చూచి తల్లి చాటున దాగును. అప్పుడు మొండిపిల్ల అనకుడి. కారణము ఉండవచ్చును. ఆమె నోరు విప్పినయెడల శాంతముగా వినుడి. నీ తప్పు లేదని చెప్పుడి. ఎవరికిని చెప్పనని ప్రమాణము చేయకుడి. మరల మరల గ్రుచ్చి అడుగకుడి. ఆమె చెప్పిన మాటలను ఆ దినమే వ్రాసి ఉంచుడి. ఎవరిమీద మాట వచ్చెనో అతనిని వెంటనే ఆ పనినుండి తప్పించుడి. అది తీర్పు కాదు. విచారణ చేయువారు వేరే ఉన్నారు.

లైంగిక నేరములనుండి పిల్లలను కాపాడుటకు 2012లో పోక్సో చట్టము వచ్చెను. 18 సంవత్సరములు నిండని ప్రతివారును దాని కాపుదలలో ఉన్నారు. అట్టి నేరము జరిగినదని తెలిసినవారు ఎవరైనను పోలీసులకు తెలియజేయవలెను. తెలియజేయనియెడల ఆరు నెలలవరకు జైలుశిక్ష గాని జరిమానా గాని రెండును గాని కలుగును. తన క్రింద పనిచేయువాని నేరమును తెలియజేయని సంస్థ అధిపతికి ఏడాదివరకు జైలుశిక్షయు జరిమానాయు కలుగును. మంచి మనస్సుతో తెలియజేసినవానికి ఏ బాధయు లేదు. బిడ్డ వాఙ్మూలమును ఆమె ఇంటియొద్ద గాని ఆమె కోరిన చోట గాని, సాధ్యమైనంతవరకు స్త్రీ పోలీసు అధికారి, యూనిఫారము లేకుండ తీసికొనవలెను. బిడ్డ పేరు పత్రికలలో వెల్లడిచేయకూడదు. ప్రార్థన అంశముగానైనను ఆ పేరు సంఘములో చెప్పకుడి.

ఈ సంగతిని పెద్దమనుష్యుల పంచాయతీలో డబ్బుతో సరిపెట్టుట పాపము. సహోదరుడు తప్పుచేసినయెడల ఒంటరిగా బుద్ధి చెప్పవలెనని మత్తయి 18:15లో ఉన్నదిగదా అని కొందరు అడుగుదురు. ఆ వచనమునకు పైన 6వ వచనము చదువుడి. చిన్నవారిని అభ్యంతరపరచువానిని గూర్చి ప్రభువు పలికిన మాట తిరుగటిరాయి అంత బరువైనది. దెబ్బతిన్న బిడ్డ పోయి కొట్టినవానికి బుద్ధి చెప్పవలెనని ఆయన ఆజ్ఞాపించలేదు. సహోదరులు న్యాయస్థానమునకు పోరాదని 1 కొరింథీ 6లో లేదా అని మరికొందరు అడుగుదురు. అక్కడ పౌలు చెప్పినది ఈ జీవన సంబంధమైన అల్ప వ్యాజ్యెములను గూర్చి. కీడు చేయువానిని శిక్షించుటకు అధికారులు దేవుని పరిచారకులని అతడే రోమా 13:4లో వ్రాసెను. సంఘము పేరు పోవునని భయపడుదుమా? ఏలీ మెత్తదనము షిలోహు పేరును నిలుపలేదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో బియ్యపు కొట్టు తాళపుచెవి ఎవరి యొద్ద ఉన్నది? అతనికి తోడు ఎవరు?

2. మునుపు అన్నమునకు వచ్చి ఇప్పుడు రానివారు ఎవరు? ఎందుకు రావడములేదో ఎవరైనను వెళ్లి అడిగితిమా?

3. బోయజు తన పనివారికి ఇచ్చినట్టి ఆజ్ఞను మన పెద్దలు మన పనివారికి బాహాటముగా ఇచ్చిరా?

ప్రార్థన: తండ్రీ, నీవు మా చేతికిచ్చిన గింజతోకూడ మా చేతికి భయభక్తులు దయచేయుము. మా విస్తరి ముందు కూర్చుండు ప్రతి బిడ్డయు, ప్రతి వృద్ధురాలును భయములేక తిని, తృప్తిపొంది, గౌరవముతో ఇల్లు చేరునట్లు మమ్మును మెలకువగా ఉంచుము. ఎరిగియు ఊరకుండిన మా పాపములను క్షమించి, సరిదిద్దుకొను ధైర్యము ఇమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.