ఆకాశమును ఆలకించుట

హైదరాబాదు పాతబస్తీలో ఫిసల్‌బండ అను ప్రాంతము కలదు. 1901లో నవాబు జఫర్ జంగ్ 15 అంగుళముల కటకము గల దూరదర్శినిని ఇంగ్లండునుండి తెప్పించి, అచ్చట వేధశాలను నెలకొల్పెను. 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించెను. పిమ్మట అది బేగంపేటకు తరలెను. ఆ కాలమున పలుదేశముల వేధశాలలు ఆకాశమును పంచుకొని నక్షత్రముల పట్టికను తయారుచేయుచుండెను. హైదరాబాదును తన వంతు భాగమును తీసికొనెను. భాస్కరశాస్త్రి మొదలగువారు రాత్రులు మేల్కొని, ఛాయాచిత్రములు తీసి, లక్షలకొలది నక్షత్రముల స్థానములను కొలిచిరి.

అయినను ఆ పట్టికకు అందని వస్తువులు కలవు. కృష్ణబిలమునుండి వెలుగైనను వెలికి రాజాలదు. వెలుగులేని దానిని కనుగొనుట యెట్లు?

1916లో ఐన్‌స్టీను ఒక మార్గమును చూపెను. మిక్కిలి బరువైన గోళములు రెండు ఒకదానిచుట్టు నొకటి తిరిగినచో, చెరువులో రాయి పడినప్పుడు అలలు లేచినట్లు, దేశకాలములందే అలలు లేచునని ఆయన గణించెను. ఇవియే గురుత్వ తరంగములు. ఇవి దాటిపోవునప్పుడు దూరములు ఒక దిక్కున సాగి, అడ్డముగా కుంచించుకొనును.

ఈ మార్పును కొలుచుటకు అమెరికాలో లైగో అను వేధశాలలు రెండు వెలసెను. ఒక్కొక్క దానిలో 4 కిలోమీటర్ల పొడవు గల రెండు గొట్టములు మూలమట్టమువలె కలిసియుండును. వానిలో గాలి యుండదు. ఒకే లేసరు కిరణమును రెండుగా చీల్చి వానిలోనికి పంపుదురు. కొసలనున్న అద్దములపైబడి తిరిగివచ్చిన కిరణములు ఒకదాని నొకటి రద్దుచేసికొనును. పొడవు రవంత మారినను వెలుగు తొంగిచూచును. బండి కదలినను, భూమి అదరినను అద్దము వణకును గదా! అందుచేతనే దూరదూరముగా రెండు వేధశాలలు కావలసివచ్చెను. స్థానికమైన అదురు ఒకచోటనే తెలియును; ఆకాశపు అల రెండుచోట్లను తెలియును.

2015 సెప్టెంబరు 14న సెకనులో నూరవవంతు లోపల రెండుచోట్లను ఒకే అల తగిలెను. 130 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున రెండు కృష్ణబిలములు ఏకమైన వార్త అది. అద్దములు కదలిన దూరము ప్రోటాను వ్యాసములో నూరవవంతైనను లేదు! 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాను నక్షత్రములు కలిసిన అల వచ్చెను. దానివెంట గామా కిరణములును వచ్చెను. దూరదర్శినులు అటు తిరిగి ఆ వెలుగును చూచెను. వినుటయు, కనుటయు నొకటయ్యెను.

మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో ఔంఢా నాగనాథ్ కలదు. 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రములోనిదే. అచ్చట మరియొక లైగో నిర్మాణమునకు 2023లో భారత ప్రభుత్వము అనుమతి నొసగెను. వేధశాలలు దూరముగా నున్నకొలది అల వచ్చిన దిక్కు స్పష్టముగా తెలియును. ఆనాడు నక్షత్రములను లెక్కించినవారి ఓర్పే ఈనాడు అలలకై చెవియొగ్గువారికిని మూలధనము.