కాయకమును బడిచదువును

శరణులు బోధించిన కాయక ధర్మమును కొందరు తలిదండ్రులు నేడు పొరపాటుగా అన్వయించుకొనుచున్నారు. తొమ్మిదవ తరగతిలో లెక్కలు రాక వెనుకబడిన కుమారుని బడి మాన్పించి, ఏదేని దుకాణమున కుదిర్చి, "పని చేయుటయే కాయకము గదా!" యని తృప్తి చెందుచున్నారు. ఇది ఎంతవరకు సమంజసమో విచారింపవలసియున్నది.

12వ శతాబ్దమున కల్యాణమందలి శరణులలో పడవ నడుపు అంబిగర చౌడయ్య, తాళ్లు పేను నులియ చందయ్య, గంపలల్లు మేదర కేతయ్య, బట్టలుతుకు మడివాలు మాచయ్య కలరు. వీరు వృత్తిని విడువలేదు, వచనములును రచించిరి. చేతిపని వారిని జ్ఞానమునకు దూరము చేయలేదు. కావున చదువును మాన్పించు పని కాయకము కాజాలదు; చదువును నిలుపు పనియే కాయకమునకు సన్నిహితము.

ఈ కలయిక కృష్ణాతీరమునకు క్రొత్తది కాదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్ల కృషివలన 1910లో మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసెను. అచట గ్రంథ విద్యతోపాటు నేత, వడ్రంగము, యంత్రపు పని, చిత్రకళ మున్నగునవి నేర్పిరి. వార్ధాలో 1937లో గాంధీజీ బేసిక్ విద్యను ప్రతిపాదించుటకు 27 సంవత్సరముల ముందుమాట యిది. 1966లో కొఠారీ సంఘము పని అనుభవము విద్యలో అంతర్భాగము కావలెనని సూచించెను. 2020 నాటి జాతీయ విద్యా విధానము 6 నుండి 8 తరగతుల విద్యార్థులు పది దినములు పుస్తకముల సంచి లేకుండ వడ్రంగులు, కుమ్మరులు, కళాకారులు మొదలగు స్థానిక నిపుణుల కడ పని నేర్వవలెనని చెప్పుచున్నది.

అయితే పని దానంతటదియే చదువు కాదు. రెంటిని కలుపు పనిగురువు ఉండవలెను. దీనికి మూడు నిదర్శనములు చూడుడు.

పెడనలో కలంకారీ అద్దకము జరుగును. ఇనుప తుక్కును బెల్లపు నీటిలో పులియబెట్టి, ఆ ద్రావణమును కరక్కాయలో నానిన బట్టపై అద్దినచో నల్లరంగు వచ్చును. ఎందుకు వచ్చినదని పనిగురువు ప్రశ్నించి, ఉపాధ్యాయుడు ఇనుమునకు కరక్కాయలోని వగరుకు గల సంయోగమును వివరించినచో రసాయన శాస్త్రము బాలుని చేతికి అందును.

గుడివాడ ప్రాంతపు బియ్యపు మిల్లులో 100 కిలోల వడ్లకు 20 శాతము తేమ ఉన్నదనుకొందము. 14 శాతమునకు ఆరబెట్టినచో ఎంత మిగులును? 94 అని బాలుడు తొందరపడి చెప్పును. కాని తేమ పోయినను 80 కిలోల పొడి పదార్థము మారదు. అది క్రొత్త బరువులో 86 శాతము కావలెను గనుక మిగులునది సుమారు 93 కిలోలే. శాతములు రాక బడి విడువదలచిన వానికి ఈ ఒక్క కిలో మంచి పాఠము.

దివిసీమలో రొయ్యల చెరువు గట్టున మేత లెక్క వేయవలెనన్నను, రొయ్యల సంఖ్యను సగటు బరువుతో గుణించి శాతము కట్టవలసినదే.

పనిగురువు విధులు నాలుగు: బాలుని కూలివానికి మారుగా వాడరాదు; వారమునకు ఒకటి రెండు పూటలకు మించి ఉంచరాదు; ఆ దినము నేర్చినది వ్రాయింపవలెను; అపాయకరమైన చోటికి పంపరాదు. చిలకలపూడి గిల్టునగల పనిలో నమూనా గీయుట, రాళ్లు పొదుగుట నేర్పవచ్చును. విషరసాయనములుండు పూత తొట్టెల దరికి బాలుని చేరనీయరాదు.

చట్టమును మరువరాదు. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము ప్రకారము 14 ఏండ్లలోపు పిల్లలను ఏ పనిలోను కూలికి పెట్టరాదు. 18 ఏండ్లలోపు వారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు రక్షణ ఎనిమిదవ తరగతితో ముగియును. కావున బడి విడుచు భయము తొమ్మిది, పది తరగతులలోనే అధికము. ఆ రెండేండ్లే పెద్దల తోడు మిక్కిలి అవసరము.

ఇచ్చట మఠములు చేయదగిన సేవ కలదు. సాయంకాలము దీపము, చాప, ఒక ఉపాధ్యాయుడు చాలును. నిపుణుడు తన నేర్పును ప్రతిఫలము కోరక బాలునికి పంచుట దాసోహమే యగును. అన్నదాసోహము ఒకపూట ఆకలి తీర్చును; ఈ దాసోహము బాలుని బడిలో నిలిపి, జీవితాంతము తోడుండును.

అభ్యాసము

1. కేవలము కూలిపనికిని కాయకమునకును గల భేదమేమి?
2. 22 శాతము తేమగల 200 కిలోల వడ్లను 14 శాతమునకు ఆరబెట్టినచో ఎంత మిగులును? ఇంటిలోని పిల్లలచే కట్టింపుడు.
3. మీ వీధిలో బడి మానదలచిన బాలుడు లేక బాలిక ఎవరు? వారికి పనిగురువు కాదగినవారెవరు?